ఒకటో తారీఖున రాని ఫెలోషిప్

1905లో బెంగాల్ విభజనపై రగిలిన నిరసన ఢాకా పాఠశాలలకూ పాకింది. గవర్నర్ బామ్‌ఫీల్డ్ ఫుల్లర్ రాకను వ్యతిరేకించిన విద్యార్థులను ఢాకా కాలేజియేట్ స్కూలు బయటకు పంపింది. వారిలో ఒక పల్లెటూరి చిల్లర కొట్టు వ్యాపారి కొడుకు ఉన్నాడు. స్కాలర్‌షిప్ మీదే చదువుతున్న ఆ కుర్రవాడికి బడితోపాటు స్కాలర్‌షిప్పూ పోయింది. మరో పాఠశాల చేర్చుకోబట్టి చదువు సాగింది. పదిహేనేళ్ల తరువాత, 1920లో, నక్షత్రాల వర్ణపటాలను చదివే సమీకరణాన్ని ప్రపంచానికి అందించిన మేఘనాద్ సాహా ఆ కుర్రవాడే. 1952లో కలకత్తా నుంచి గెలిచి తొలి లోక్‌సభలో అడుగుపెట్టినదీ ఆయనే.

ఆ రెండో బడి తలుపు తెరవకపోయి ఉంటే? ఒక దేశపు విజ్ఞానశాస్త్రం ఇలాంటి అదృష్టాల మీద ఆధారపడకూడదనే ఫెలోషిప్‌లు పుట్టాయి. 2005-06లో ఎస్సీ, ఎస్టీ పరిశోధకుల కోసం రాజీవ్‌గాంధీ జాతీయ ఫెలోషిప్ మొదలైంది. నేడది జాతీయ ఫెలోషిప్‌గా పేరు మార్చుకుని కొనసాగుతోంది. ఎస్సీ విద్యార్థులకు ఏటా 2,000 ఫెలోషిప్‌లు ఉండగా, అందులో విజ్ఞానశాస్త్రాలకు కేటాయించినవి 500. 2023 జనవరి 1 నుంచి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ నెలకు 31,000 నుంచి 37,000 రూపాయలకు, సీనియర్ ఫెలోషిప్ 35,000 నుంచి 42,000కు పెరిగాయి. కాగితం మీద చూస్తే ఇది చిన్న మొత్తమేమీ కాదు.

కానీ ఫెలోషిప్ విలువ ఎంపిక జాబితాలో పేరుతో తేలదు, బ్యాంకు ఖాతాలో డబ్బు పడిన తేదీతో తేలుతుంది. నెలల తరబడి సొమ్ము అందడం లేదన్న ఫిర్యాదు ఈ పథకాలంత పాతది. విశ్వవిద్యాలయం ధ్రువీకరించాలి, నోడల్ సంస్థ ఆమోదించాలి, మంత్రిత్వ శాఖ నిధులు విడుదల చేయాలి. ఎక్కడ ఒక్క మెట్టు ఆగినా పరిశోధకుడి నెల ఆగుతుంది. తండ్రి జీతగాడైతే ఆ ఆరు నెలలు చికాకుతో గడుస్తాయి. తండ్రి కూలీ అయితే అప్పుతో గడుస్తాయి, లేదా చదువు ముగిసిపోతుంది. ఆలస్యం అందరికీ ఒకటే అయినా, దాని భారం మాత్రం ఇంటినిబట్టి మారుతుంది. ప్రయోగశాలలో పనిచేసేవారికి ఇది మరీ కష్టం. ఏళ్లు పట్టే ప్రయోగాన్ని మధ్యలో వదిలి సాయంత్రాలు ట్యూషన్లు చెప్పుకోవడం కుదరదు. జీవకణాలను పెంచేవారు సెలవు రోజుల్లోనూ వాటిని చూసుకోవాలి.

ఈ లెక్క తెలుగువారికి కొత్తది కాదు. 2016 జనవరి 17న హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ప్రాణం తీసుకున్న రోహిత్ వేముల, శాస్త్ర రచయిత కావాలని కలగన్న యువకుడు. తనకు రావలసిన ఏడు నెలల ఫెలోషిప్, 1.75 లక్షల రూపాయలు, కుటుంబానికి అందేలా చూడమని చివరి లేఖలో కోరాడు. అందులోంచి ఒక మిత్రుడి బాకీ తీర్చమన్నాడు. అతడి కులం ఏమిటన్న దానిపై ఏళ్ల తరబడి వాదించుకున్నాం. ఏడు నెలల బాకీ ఎలా పేరుకుందన్న ప్రశ్నను మాత్రం దాదాపు మరిచిపోయాం.

ఆలస్యం తరువాతి మెట్టు రద్దు. మైనారిటీ పరిశోధకులకు ఉద్దేశించిన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను నిలిపివేసినట్టు 2022 డిసెంబర్‌లో కేంద్రం లోక్‌సభకు తెలిపింది. ఇతర పథకాలతో అతివ్యాప్తి ఉందన్నది చెప్పిన కారణం. ఒకే విద్యార్థి రెండు ఫెలోషిప్‌లు తీసుకోవడానికి నిబంధనలు ఎలాగూ ఒప్పుకోవు. ఇక అతివ్యాప్తి వల్ల ఖజానాకు కలిగే నష్టమేమిటి? 2025లో విదేశీ విద్య కోసం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు 106 మంది ఎంపికైతే, తొలుత 40 మందికే పత్రాలు అందాయి. మిగిలిన 66 మందికి నిధుల లభ్యతనుబట్టి ఇస్తామన్నారు. ఎంపిక చేసి డబ్బు లేదనడం పథకం కాదు, లాటరీ.

ప్రతిభ ఉంటే ప్రత్యేక ఫెలోషిప్ ఎందుకన్న ప్రశ్న ఈ చర్చలో తప్పక వస్తుంది. ఎస్సీ ఫెలోషిప్ పొందేవారు నెట్ పరీక్ష రాసి వచ్చినవారే. పైగా తలుపులన్నీ తెరిచి ఉన్నాయనుకోవడమూ పొరపాటు. 2006 నాటి కేంద్ర విద్యాసంస్థల రిజర్వేషన్ చట్టం టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వంటి కొన్ని సంస్థలను ‘ఉత్కృష్టత’ పేరిట మినహాయించింది. అధ్యాపక నియామకాలపై 2019లో వచ్చిన చట్టమూ అదే బాట పట్టింది. పీహెచ్‌డీ ముగించిన యువ శాస్త్రవేత్తలకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్‌లను గమనిస్తే, 2016-20 మధ్య అందుకున్నవారిలో 80 శాతం అగ్రకులాలవారేనని, ఎస్సీలు 6 శాతం, ఎస్టీలు ఒక శాతం కంటే తక్కువ అని ‘నేచర్’ పత్రిక 2023లో ప్రచురించింది. అంటే పరిశోధన మొదలుపెట్టిన చోట కనిపించే ముఖాలు శాస్త్రవేత్తగా నిలదొక్కుకోవలసిన చోటికి వచ్చేసరికి మాయమవుతున్నాయి. దారిలో జారిపోయిన ప్రతి ఒక్కరినీ ప్రతిభ లేనివారని తీర్మానించడం అతి సులువైన వివరణ. ఆకలి, అప్పు, ఇంటి బాధ్యత అన్న వివరణలు అంత సౌకర్యంగా ఉండవు.

పరిష్కారానికి కొత్త కమిటీ అక్కరలేదు. ఫెలోషిప్‌ను దయాదానంగా కాక వేతనంగా గుర్తించాలి. నెలలో ఒక నిర్ణీత తేదీ దాటితే బకాయికి వడ్డీ చెల్లించే బాధ్యత నోడల్ సంస్థపై పెట్టాలి. ఎంపికైనవారికి అయిదేళ్లకూ సరిపడే నిధిని ముందే కట్టుబడి ఉంచాలి. పీహెచ్‌డీ తరువాతి తొలి అయిదేళ్లకు, కొలువు దొరికే దాకా, అట్టడుగు వర్గాల పరిశోధకులకు విడిగా తోడ్పాటు కావాలి. ఎవరికి ఎంత, ఎప్పుడు చెల్లించారో సామాజిక వర్గాలవారీగా ఏటా పార్లమెంటు ముందుంచాలి.

ఎంపీల జీతం ఒక్క నెల ఆగితే ఏం జరుగుతుందో ఊహించండి. రేపటి సాహా ఏ హాస్టల్ గదిలోనో మెస్ బిల్లు చేతపట్టుకుని నోడల్ సంస్థకు మెయిల్ రాస్తూ ఉండవచ్చు. ఆ మెయిల్‌కు జవాబిచ్చే బాధ్యత ఎవరిదో సభలో అడగవలసింది ఆ ఎంపీలే.