తగినంత అంటే ఎంత?

వంటల పుస్తకం ఏది తెరిచినా ఉప్పు దగ్గరికి వచ్చేసరికి కలం తడబడుతుంది. కందిపప్పు కప్పు, చింతపండు నిమ్మకాయంత, పచ్చిమిర్చి నాలుగు అని లెక్క తప్పకుండా చెబుతూ వచ్చిన రచయిత, ఉప్పు మాత్రం ‘తగినంత’ అని ఊరుకుంటారు. తప్పు పట్టలేం. ఎవరింటి నాలుక వారిది. పైగా అది వంటింట్లో పుట్టిన మాట. అమ్మ పక్కన నిలబడి ‘ఇంకాస్త వెయ్యి... ఆ, చాలు’ అంటుంటే తగినంత అంటే ఎంతో చేతికే తెలిసిపోతుంది. అమ్మ ఊళ్లో లేనప్పుడే చిక్కు.

రాతకు అసలు పని పడేది అక్కడే. నలుగురికీ ఏదైనా తెలియజెప్పడానికి రాసేదంతా, మందు చీటీ అయినా, పంట తెగులు మీద వ్యాసమైనా, పక్కన ఎవరూ లేని మనిషి కోసం రాసేది. ఆ మనిషికి సందేహం వస్తే అడగడానికి మనం ఉండం. పొరపడితే ‘ఆగాగు’ అని చెయ్యి పట్టుకోవడానికీ ఉండం.

వానలు పడ్డాక చాలా ఇళ్లలో మందుల డబ్బాలోకి ఓఆర్ఎస్ పొట్లం ఒకటి చేరుతుంది. దాన్ని ఒకసారి వెలుతురులో పెట్టి చదవండి. వేలెడంత జాగాలో ఎంత మంచి వచనం రాయవచ్చో తెలుస్తుంది. ముందు పేరు. తర్వాత లోపల ఏముందో: ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సోడియం సిట్రేట్ 2.9, వెరసి 20.5 గ్రాములు. ఆపైన ఎన్ని నీళ్లలో కలపాలి, కలిపింది ఎంతసేపటిలో వాడాలి. బిడ్డకు విరేచనాలు పట్టుకున్న అర్ధరాత్రి, కంగారులో ఉన్న తల్లికి ప్రశ్నలు పుట్టే వరస కూడా ఇంచుమించు ఇదే. ఇదేమిటి? ఎన్ని నీళ్లు? పొద్దుటిదాకా ఉంచవచ్చా? చదివేవారి మనసులోని వరసను రాసేవారు ముందే పట్టుకోవడాన్నే మనం నిర్మాణం అనే పెద్ద మాటతో పిలుస్తాం.

ఇక్కడ ‘తగినన్ని నీళ్లు’ అంటే కుదరదు. లీటరు నీళ్ల పొట్లాన్ని 200 మి.లీ. గ్లాసులో కలిపేస్తే ద్రావణం అయిదింతలు చిక్కనవుతుంది. బిడ్డ ఒంట్లో సోడియం ప్రమాదకరంగా పెరగవచ్చు. నీళ్లు మరీ ఎక్కువైతే మందు చేయాల్సిన పని చేయదు. 200 మి.లీ.కే సరిపోయే చిన్న పొట్లాలూ దొరుకుతున్నాయి కనుక పొట్లం మీది ఆ ఒక్క అంకె మీదే అంతా ఆధారపడి ఉంటుంది. పొట్లం లేనప్పుడు లీటరు శుభ్రమైన నీళ్లకు మట్టంగా కొలిచిన ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు అని చెబుతారు. ఆ ‘మట్టంగా’ అన్న మాట ఎగిరిపోతే చాలు, చెంచా మీద మనం గోపురం కట్టేస్తాం.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి మాట. బనగావ్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు నిండుకుంటుంటే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లు తాగించడానికి పూనుకున్నారు. సిబ్బంది చాలక, ఆ పనిని రోగుల ఇంటివాళ్లకే అప్పగించారు. నూటికి ముప్పై దాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకు దిగాయి. మందు కలపడం ఒక ఎత్తు. దాన్ని వైద్యం తెలియని చేతులకు అర్థమయ్యేలా అప్పగించడం మరో ఎత్తు.

పొట్లం మీద మొదట ఉండేది పేరు కదా. అదే అబద్ధమైతే కింద ఎన్ని నిజాలు రాసినా ఏం లాభం? చక్కెర నిండిన పానీయాల డబ్బాల మీద ఓఆర్ఎస్ అన్న మూడక్షరాలు చూసి మోసపోతున్నామంటూ హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లు పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆ పానీయాల మీద ఆ పేరు ఉండకూడదని ఆదేశించింది.

తెలుగులో రాసేవారికి మరో జాగ్రత్త కూడా కావాలి. మన వాక్యంలో క్రియ చివర కూర్చుంటుంది. ‘కలిపి ఒక దినము గడచిన ద్రావణమును ఎట్టి పరిస్థితులలోను పిల్లలచే త్రాగించ’ వరకు చదివినా తాగించాలో మానాలో తెలియదు. ‘రాదు’ అన్నది కింది పంక్తిలో ఉంటుంది. ‘నిన్న కలిపింది తాగించకండి. పారబోయండి’ అంటే పిల్లవాడికీ తెలుస్తుంది. ‘కలపబడవలెను’ అంటే ఎవరు కలపాలో ఎవరికీ పట్టదు. ‘కలపండి’ అన్నప్పుడు పనీ ఉంది, మర్యాదా ఉంది.

క్రియతో మరో చిక్కూ ఉంది. ‘నీళ్లు మరుగుతాయి’ అని వస్తువు స్వభావం చెప్పేటప్పుడు వాడే క్రియారూపాన్ని మన వ్యాకర్తలు తద్ధర్మం అన్నారు. శాస్త్ర విషయాలు చెప్పడానికి చక్కని సాధనం. అయితే రేపటి సంగతికీ మనం అదే రూపం వాడతాం. ‘శనివారం నీళ్లు రావు’ అని వీధిలో కాగితం అంటిస్తే, ఈ శనివారమా, ప్రతి శనివారమా? తేదీ ఒక్కటి వేసి ఉంటే వీధి వీధంతా బిందెలు పట్టుకుని నిలబడేది కాదు.

చదివేవారికి అందేలా రాయాలన్న ఈ శ్రమ మనకు కొత్త కాదు. చరిత్ర, విజ్ఞాన శాస్త్రాలు తెలుగువారికి తెలుగులోనే అందాలని కొమర్రాజు లక్ష్మణరావు 1906లో హైదరాబాద్‌లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలికి ప్రాణం పోశారు. తర్వాత విజ్ఞాన సర్వస్వం తలపెట్టి, ‘అ’కారం దాటకముందే 1923లో కన్నుమూశారు. గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పట్టుబట్టిందీ చదువు పదిమందికీ అందాలనే.

వారంత చేయలేకపోయినా మనం చేయగల చిన్న పని ఒకటుంది. రాసిన కాగితాన్ని ఆ సంగతి తెలియని మనిషి చేతికిచ్చి, నోరు మెదపకుండా పక్కన నిలబడాలి. చదువుతూ చదువుతూ ఎక్కడ ఆగి, తలెత్తి మన మొహంలోకి చూస్తారో, అక్కడ మనం ఒక ‘తగినంత’ వదిలేశామన్న మాట.