ఇంకా ఎన్నాళ్లు చదువుతావు?

"బీటెక్ అయ్యాక మళ్లీ చదువేనా? ఉద్యోగమెప్పుడు, పెళ్లెప్పుడు?" ఇంజనీరింగ్‌లో పీహెచ్‌డీ అనగానే మన ఇళ్లలో ముందొచ్చే మాట ఇదే. ఐఐటీల్లో పూర్తికాల పరిశోధన విద్యార్థులకు సాధారణంగా నెలనెలా ఫెలోషిప్ వస్తుంది. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ రూ.37,000, రెండేళ్లయ్యాక ఎస్ఆర్ఎఫ్ రూ.42,000. మంచి క్యాంపస్ ప్యాకేజీ ముందు తక్కువే, ఒప్పుకుంటాను.

అసలు కష్టం డబ్బు కాదండీ. నాలుగైదేళ్లు ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చోవాలి. దానికి వెనక పేజీలో 'కీ' ఉండదు. ఆరు నెలల ప్రయోగం ఒక్కోసారి వృథా అవుతుంది. వారం వారం ర్యాంకు చూసుకుని పెరిగిన పిల్లలకు (ఇందులో మా బడుల వాటా ఉంది) ఇది అలవాటు లేని పని. ఈ ఆదివారం మీ అమ్మాయి పాత మిక్సీ విప్పి, మళ్లీ బిగించలేక తంటాలు పడుతుంటే, సాయంత్రం దాకా వదిలేయండి. వీక్లీ టెస్టు సంగతి మేం చూసుకుంటాం.