‘కవర్’ అంటే సంచీ ఒక్కటేనా?



ఇంట్లో తెలుగు మాట్లాడితే పిల్లలకు ఇంగ్లీషు సరిగా రాదేమోనన్న భయం మన మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాల్లో చాలామందికి ఉంది. ‘మాకే ఇంగ్లీషు రాదు, ఇక పిల్లలకేం చెప్తాం?’ అని చదువు భారమంతా బడికి వదిలేసేవారూ ఉన్నారు. నా అభిప్రాయం వేరు. మీ దగ్గర ఉన్న తెలుగే మీ పిల్లల ఇంగ్లీషుకు పెద్ద ఆసరా. ఒక్క మాటతో ఈ సంగతి చెప్తాను. ఆ మాట ‘కవర్’.

ఇది మనకు కొత్త మాట కాదు. కూరగాయల అంగట్లో ‘ఒక కవర్ ఇవ్వన్నా’ అంటే ప్లాస్టిక్ సంచీ. పోస్టాఫీసులో కవర్ అంటే ఉత్తరం పెట్టేది. పెళ్లిలో చదివింపుల డబ్బు పెట్టేదీ కవరే. జూన్‌లో బడి తెరవగానే పుస్తకాలకు వేసేదీ కవరే. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ‘షాప్‌కీపర్ గేవ్ మీ ఎ కవర్’ అని మన పిల్లవాడు రాస్తే, బయటి దేశం వాళ్లు సంచీ అనుకోరు. వాళ్లకు సంచీ అంటే ‘బ్యాగ్’.

ఇక తరగతి గదిలోకి వద్దాం. లెక్కల పుస్తకంలో ‘బస్సు 3 గంటల్లో 150 కిలోమీటర్లు కవర్ చేసింది’ అని ఉంటే, అక్కడ కవర్ అంటే ప్రయాణించడం. ‘ఈ గదిని కవర్ చేయడానికి ఎన్ని టైల్స్ కావాలి?’ అంటే పరచడం. అంటే వైశాల్యం కట్టాలి. ‘ఈ డబ్బు ఖర్చులను కవర్ చేస్తుందా?’ అంటే సరిపోవడం. కవర్ అంటే ‘కప్పడం’ అని మాత్రమే బట్టీ పట్టిన పిల్లవాడు ఈ మూడు చోట్లా తడబడతాడు. గుణకారం, భాగహారం వచ్చి కూడా మార్కు పోగొట్టుకుంటాడు. మనమేమో ‘వీడికి లెక్కలు రావు’ అనేస్తాం.

సోషల్ పాఠంలో ‘ఫారెస్ట్ కవర్’ వస్తుంది. గిద్దలూరు దాటి నంద్యాల వైపు వెళ్లేటప్పుడు కనిపించే నల్లమల అందులోకే వస్తుంది. కానీ భారత అటవీ సర్వే సంస్థ లెక్క ఇంకా విశాలమైనది. కనీసం 1 హెక్టారు స్థలంలో చెట్ల కొమ్మలు 10 శాతం మేర, అంతకు మించి పరుచుకుని ఉంటే అది ఫారెస్ట్ కవరే. భూమి ఎవరిదైనా, చెట్లు ఏవైనా సరే. ఆ లెక్కన మామిడి తోట, జామాయిల్ తోట కూడా చేరతాయి. ‘ఫారెస్ట్ కవర్ పెరిగింది’ అన్న వార్త చదివి అడవి పెరిగిందని అనుకోవడం తొందరపాటు. ఒక్క మాట సరిగా తెలిస్తే వార్త కూడా సరిగా అర్థమవుతుంది.

ఇప్పుడు మన ఇల్లు చూడండి. దిండుకు గలీబు, గిన్నెకు మూత, పుస్తకానికి అట్ట, కత్తికి ఒర, తలకు ముసుగు, ఇంటికి పైకప్పు. తప్పు దాచిపెడితే కప్పిపుచ్చడం. ఇంగ్లీషు వాళ్లు వీటిలో చాలావాటికి ‘కవర్’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటారు. మనకు దేని మాట దానికే ఉంది. ఈ తేడాలు తెలుగులో తెలిసిన పిల్లకు ఇంగ్లీషు మాటలోని తేడాలు తేలిగ్గా పట్టుబడతాయి. ‘దిండు కవర్, గిన్నె కవర్, పుస్తకం కవర్’ అంటూ పెరిగిన పిల్లకు రెండు భాషల్లోనూ ఒక్క మాటే మిగులుతుంది.

పిల్లలకు సరదాగా చెప్పదగ్గ సంగతి ఒకటుంది. ‘కవర్’ ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. మనం రోజూ వాడే కర్చీఫ్, వార్తల్లో వినే కర్ఫ్యూ దాని చుట్టాలే. కర్చీఫ్ అంటే మొదట తలను కప్పే గుడ్డ, మన తలగుడ్డ లాంటిది. కర్ఫ్యూ అంటే నిప్పును కప్పడం. పూర్వం యూరప్‌లో రాత్రి గంట కొట్టగానే పొయ్యిలో నిప్పు కప్పేయాలి. నివురుగప్పిన నిప్పు అనే మనకు ఇది వింతేమీ కాదు. ‘డిస్కవర్’ అంటే ఆ కప్పు తీయడం. మన ‘ఆవిష్కరణ’ కూడా అంతే. విగ్రహం మీది గుడ్డ తొలగించినా ఆవిష్కరణే, శాస్త్రవేత్త కొత్త విషయం బయటపెట్టినా ఆవిష్కరణే.

ఇంట్లో మీరు చేయగలిగినవి మూడు:

1. పాఠంలో తెలియని మాట వస్తే ‘దీనికి అర్థమేంటి?’ అని ఆపేయకండి. ‘ఈ వాక్యంలో దీని బదులు ఏ తెలుగు మాట పెడతావు?’ అని అడగండి.

2. వారానికి ఒక ఇంగ్లీషు మాట తీసుకుని, అది వినిపించిన చోట్లన్నీ పిల్లలతో రాయించండి. అంగడి, బస్సు, బ్యాంకు, క్రికెట్ కామెంటరీ, ఏదైనా సరే.

3. మీ పనికి సంబంధించిన మాటలు చెప్పండి. మార్కాపురం పిల్లలకు ‘స్లేట్’ అంటే రాసుకునే పలక. బ్రిటన్‌లో అదే జాతి రాయిని ఇళ్ల పైకప్పులకు వాడతారు. ఇంగ్లీషు కథలో ‘స్లేట్ రూఫ్’ అని వచ్చినప్పుడు, పలకల గనిలో పనిచేసిన తండ్రి చెప్పినంత బాగా ఏ డిక్షనరీ చెప్పగలదు?

చివరగా ఒక మనవి. పేరెంట్స్ మీటింగులో మీరు ఎక్కువగా అడిగే ప్రశ్న ‘సిలబస్ కవర్ అయిందా సార్?’ అడగండి, అది మీ హక్కు. కానీ కవర్ అంటే దాటుకుంటూ పోవడమూ ఉంది, కప్పేయడమూ ఉంది. పాఠం అయిపోయిందని మేం చెప్పగానే సరిపెట్టుకోకుండా, ‘మా పిల్లకు ఏం అర్థమైంది, ఎక్కడ ఆగిపోతోంది?’ అని కూడా అడగండి. దానికి జవాబు చెప్పే బాధ్యత మాది. ఆ జవాబు నిజమో కాదో ఇంట్లో మీ తెలుగులోనే మీరు తెలుసుకోవచ్చు.