పొంతన చూడని బేరం

కాకినాడనుంచి ఒక సోదరి నాలుగు పేజీల వుత్తరం వ్రాశారు. వారి అబ్బాయి ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతున్నాడు. వీడియోలు కూర్చడం, బొమ్మలకు కదలిక తెప్పించడం నేర్చుకుంటున్నాడట. దానికి మంచి వేగంగల కంప్యూటరు కావాలి. సోదరి చీటీ పాడి 75,000 రూపాయలు పక్కన పెట్టారు. భాగాలు విడివిడిగా కొని తానే బిగించుకుంటానని అబ్బాయి అంటాడు. "రేపు ఏదైనా అయితే ఎవణ్ణి పట్టుకోవాలి? తయారుగా వున్నదే కొందాం" అంటారు తండ్రిగారు. పది రోజులుగా తండ్రీకొడుకులకు మాటలు లేవట. "నేనెవరి పక్షం వహించను?" అని అడిగారు. అబ్బాయి వ్రాసుకున్న జాబితాకూడా జతపరచారు. ఎంత మంచి పని చేశారమ్మా!

నేను అబ్బాయి పక్షమే. అదే డబ్బుకు విడిభాగాల్లో ఎక్కువ సత్తువ వస్తుంది. కాని జాబితా చూశాక, దాన్ని పట్టుకుని బజారుకు వెళ్ళవద్దనే చెబుతాను. ఒక్కొక్క సరుకూ మంచిదే, వాటిలో వాటికే పొంతన లేదు.

అతను వ్రాసిన ప్రాసెసరు ఎ.ఎం.డి. వారి రైజెన్ 5 5600. 2022లో వచ్చింది, ఆరు కోర్లది, చవకలో నిక్షేపంలాంటిది. ప్రాసెసరుకు బోర్డుమీద కూర్చోవడానికి ఒక పీట వుంటుంది. దాన్నే సాకెట్ అంటారు. దీని పీట ఏ.ఎం.4. అబ్బాయి వ్రాసిన మదర్‌బోర్డు బి650. దానిమీద వున్న పీట ఏ.ఎం.5. మొదటిరకం ప్రాసెసరుకు అడుగున 1331 సన్నని కాళ్ళుంటాయి. రెండో రకానికి కాళ్ళే వుండవు. ఎంత బతిమాలినా ఇది దానిమీద కూర్చోదు.

మెమరీ దగ్గరా అదే పొరపాటు. జాబితాలో వున్నది డి.డి.ఆర్.4, ఆ బోర్డు పుచ్చుకునేది డి.డి.ఆర్.5 మాత్రమే. రెంటికీ 288 స్పర్శలే, పొడవూ ఒకటే. గాటు మాత్రం వేరేచోట వుంటుంది. కాస్త గట్టిగా నొక్కితే పోతుందిలే అని నొక్కితే, పోయేది బోర్డే!

ఇప్పుడు రెండు దారులున్నాయి. రైజెన్ 5 7600, డి.డి.ఆర్.5 మెమరీ తీసుకుంటే బి650 బోర్డు అలాగే వుంచుకోవచ్చు. నాలుగేళ్ళ తరవాత ప్రాసెసరు మార్చుకునే వీలూ వుంటుంది. కాని 2025 చివరినుంచి మెమరీ ధరలు విపరీతంగా పెరిగాయి. చీటీ డబ్బు చాలదు. అందుచేత నేనైతే ప్రాసెసరును వుంచి బోర్డునే బి550కి మార్చమంటాను. ఇంకా చవకగా బి450 వున్నదని అంగడివారు చూపిస్తారు. అబ్బాయి కోరిన గ్రాఫిక్స్ కార్డు ఆర్.టి.ఎక్స్. 5060కి బి550లో దారి కాస్త వెడల్పు. ఆ తేడాకోసం కొద్దిగా ఎక్కువ పెట్టవచ్చు. బోర్డు పాత నిల్వదైతే "బయాస్ కొత్తది ఎక్కించారా?" అని అడగాలి. లేకపోతే అన్నీ సరిగ్గా బిగించినా తెరమీద బొమ్మ రాదు.

మెమరీ 16 జీబీ ఒకే స్టిక్కుగా వ్రాశాడు. 8 చొప్పున రెండు తీసుకుంటే పని చురుగ్గా సాగుతుంది.

ఇక నన్ను భయపెట్టినది జాబితాలో చివరి మాట: "500 వాట్ల పవర్ సప్లయి, క్యాబినెట్‌తో వుచితం." మా అక్కయ్య కొడుకు ఇలాంటి వుచితమే తెచ్చుకున్నాడు. రెండో వేసవిలో, కరెంటు పోయి వచ్చిన ఒక మధ్యాహ్నం, అది కాలిపోయి పోతూ పోతూ బోర్డునుకూడా తీసుకుపోయింది. మా అక్కయ్య ఆ బోర్డు ఖరీదును ఇప్పటికీ మరిచిపోలేదు. రేకుమీద 500 అని అచ్చు వేయడానికి ఖర్చేమున్నది? ఆ కార్డు 145 వాట్లు, ప్రాసెసరు 65 వాట్ల రకం. అయినా కార్డు తయారుచేసినవారే 550 వాట్ల సప్లయి వుండాలంటారు. పేరున్న కంపెనీది, అయిదేళ్ళ హామీ వున్నది తీసుకోండి. "80 ప్లస్" అనే ముద్ర కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో చెబుతుంది, అంతే. ఈ ఖర్చుకు రంగుదీపాల క్యాబినెట్ మానుకుంటే సరి. పెట్టె ఏదైనా, కార్డు పొడవు అందులో పడుతుందో లేదో మిల్లీమీటర్లలో చూసుకోవాలి.

ఇంటెల్ కొనదలచిన పాఠకులకు ఒక్క మాట. ప్రాసెసరు పేరు చివర "ఎఫ్" వుంటే దానిలో బొమ్మ చూపే భాగం లేదని అర్థం. వేరే కార్డు తప్పనిసరి. 12, 13, 14 తరాలవాటికి రెండు రకాల మెమరీ బోర్డులూ వున్నాయి కాబట్టి ఏది కొంటున్నారో బిల్లుమీద వ్రాయించుకోండి.

తండ్రిగారి ప్రశ్నా న్యాయమైనదే. విడిభాగాల్లో ప్రతిదానికీ వేరే హామీ వుంటుంది. ఏది చెడితే దాన్నే పట్టుకువెళ్ళాలి. ప్రాసెసరు సీలువేసిన పెట్టెలోనే కొనండి. "ట్రే" సరుకని విడిగా ఇచ్చేదానికి కంపెనీ హామీ వుండదు. బిల్లులన్నీ ఒక ఫైలులో పెట్టే పని వారికి అప్పగించండి. సవరించిన జాబితాతో తండ్రీకొడుకులిద్దర్నీ కలిపే బజారుకు పంపండి.

ఇంట్లో పాత మానిటరు వున్నదని వ్రాశారు. దాని వెనుక 15 రంధ్రాల నీలంరంగు ద్వారం ఒక్కటే వుంటే, కొత్త కార్డుకు అది తగలదు. హెచ్.డి.ఎం.ఐ. ద్వారంకూడా వున్నదేమో బయలుదేరేముందే చూసుకోమనండి.