తాళంచెవి ఎటువైపు ఉండాలి?

ఉదయం తొమ్మిదింటికి అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో ల్యాప్‌టాప్ సంచి, టిఫిన్ బాక్సు స్కానర్ బెల్టు మీద పెట్టి, మెటల్ డిటెక్టర్ చట్రం దాటి, చేతులు చాచి నిలబడాలి. ఇక్కడ ఎవరి మీదా నేరం మోపరు, శిక్ష ప్రసక్తి రాదు. ప్రమాదకరమైన వస్తువుతో వచ్చినవాడికి తన పని సాగదని ముందే తెలియాలి, అంతే. 1959లో అమెరికన్ పండితుడు గ్లెన్ స్నైడర్ నిరోధాన్ని రెండుగా విడదీశాడు. దెబ్బకు దెబ్బ తప్పదన్న భయంతో ఆపడం ఒకటి, ఎంత ప్రయత్నించినా ఫలితం దక్కదనిపించి ఆపడం ఇంకొకటి. ఆయన ఆలోచించింది అణ్వస్త్ర యుగపు యుద్ధాల గురించే అయినా, ఆ రెండో పద్ధతి మనకు రోజూ ఎదురయ్యేది ఇలాంటి చోట్లే.

దాని మేలును తక్కువ చేయలేం. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లలో 42 మంది చనిపోయారు. ఆ కేసులో తీర్పు 2018 సెప్టెంబరులో గాని రాలేదు. దొరకనన్న ధీమా ఉన్నవాణ్ణి పదకొండేళ్ల తర్వాత పడే శిక్ష ఎంతవరకు ఆపుతుంది? 2013 ఫిబ్రవరిలో దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు జరిగిన ఏడాదే ఉమ్మడి రాష్ట్రంలో ప్రజాభద్రతా చట్టం వచ్చింది. జనం ఎక్కువగా చేరే సంస్థలు కెమెరాలు పెట్టుకోవాలనీ, రాకపోకలపై అదుపు ఉంచాలనీ చెప్పింది. అది తొందరపాటు అని నేననను.

అయితే కాపలా బలపడిన చోటు నుంచి ముప్పు పక్కకు జరగవచ్చు. స్కానర్ ముందు పెరిగే వరుస కూడా ఒక గుంపే, అదీ తనిఖీకి ఇవతల ఉన్న గుంపు. కదిలే రైలు పెట్టెలో జరిగే నష్టం ఇంకా ఘోరంగా ఉంటుంది కాబట్టి ఈ బేరం సబబే అని వాదించవచ్చు. నేనూ చాలావరకు ఒప్పుకుంటాను. ఒప్పుకోలేనిది, ఎవరిని ఆపాలో కాపలాదారు కంటికి వదిలేయడం. పంజాగుట్ట చౌరస్తా చుట్టుపక్కల పెద్ద దుకాణాల గుమ్మాల దగ్గర కాసేపు నిలబడితే, ఇస్త్రీ చొక్కా దాటిపోవడం, డెలివరీ కుర్రాడి సంచి ఆగిపోవడం కనిపిస్తుంది. ముఖాలను గుర్తించే సాంకేతికతను పోలీసులు వాడటంపై తెలంగాణ హైకోర్టులో దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యం వెనక ఉన్న కలత కూడా ఇలాంటిదే. నేరస్థుణ్ణి అడ్డుకోవడానికి అందరి ముఖాలూ అప్పగించాలా అన్నది తేలిగ్గా తీసిపారేసే ప్రశ్న కాదు. కెమెరా వల్ల దొరికిన గొలుసు దొంగ బాధితురాలికి మాత్రం ఆ ప్రశ్న దూరంగా అనిపించినా తప్పుపట్టలేం.

నాకు దగ్గరగా తెలిసినది మైత్రీవనం వెనక సందుల్లోని ఒక హాస్టల్. మా మేనల్లుడు కోచింగ్ కోసం వచ్చి అక్కడ ఉంటున్నాడు. తెల్లవారుజామున, తలుపులు ఓరగా ఉన్నప్పుడు రెండు ల్యాప్‌టాప్‌లు పోయాయి. ఆ తర్వాత మూడో అంతస్తు మెట్ల దగ్గర ఇనుప మడత గేటు పెట్టారు. రాత్రి పదకొండుకు తాళం వేస్తారు, చెవి కింద వార్డెన్ గదిలో ఉంటుంది. దొంగతనాలు ఆగాయి. అర్ధరాత్రి ఏదైనా అంటుకుంటే ఎలారా అని అడిగితే, “వార్డెన్‌కి ఫోన్ చెయ్యాలి మామయ్యా” అన్నాడు. 2025 మే 18న గుల్జార్ హౌజ్‌లో ఇల్లు అంటుకున్నప్పుడు రాకపోకలకు ఉన్నది ఇరుకైన దారి. 17 మంది చనిపోయారు. వాడి మాట వింటుంటే నాకు అదే కళ్లముందు ఆడింది.

గేటును నమ్ముకోవడంలో ఇంకో చిక్కు ఉంది. గోల్కొండ ఫతే దర్వాజా తలుపులకు ఏనుగులు గుద్దకుండా ఇనుప ముళ్లు బిగించారు. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత ఔరంగజేబు సైన్యం లోపలికి వచ్చింది మాత్రం లోపలివాళ్లు ద్వారం తెరవడం వల్ల. అలాగని ఆ తలుపులు వృథా అనలేం, అన్ని నెలలు కాచాయి కదా.

అందుకే హాస్టల్ యజమానికి గేటు తీసేయమని చెప్పలేదు. తాళం తీసి, లోపలి నుంచి చేత్తో తిప్పితే తెరుచుకునే గడియ పెట్టించమన్నాను. అప్పుడు లోపలివాడే దొంగైతే ఒకటో రెండో ల్యాప్‌టాప్‌లు పోవచ్చు. ఆ నష్టం ఎవరు భరిస్తారని ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. పిల్లల సామాన్లకు ఒక్కొక్కరికి తాళం పడే అల్మారా ఇస్తే కొంత తగ్గుతుందన్నాను. ఖర్చు లెక్క చూసి చెబుతానన్నారు. ఆదివారం మళ్లీ వెళ్లాలి.