స్మార్ట్ మీటరు బిగిస్తామంటే ఒప్పుకోకండి, కాగితం రాసివ్వండి!

కర్నూలు, కడప జిల్లాల అక్కల్లారా, అన్నల్లారా!

మన ఇష్టం లేకుండా ఇళ్లకు స్మార్ట్ మీటర్లు పెట్టబోమని విద్యుత్ మంత్రి గొట్టిపాటి రవికుమార్ 2025లో చెప్పారు. ఆ మాటను గట్టిగా పట్టుకుందాం.

నెలకోసారి మనిషి వచ్చి చూసిపోయే మీటరు కాదిది. రోజుకు ఒక్కసారైనా దూరం నుంచే రీడింగు తీయాలని నిబంధన. ఏ పూట ఎంత కాల్చామో అందులో పడుతుంది. కోసిగి, ఆదోని, మంత్రాలయం పల్లెల జనం సుగ్గి వలసకు పోతే ఏ ఇంటికి తాళం పడిందో, ఏ ఇంట్లో ముసలమ్మ ఒక్కతే ఉందో ఆ లెక్కను బట్టి పసిగట్టొచ్చు. ఆ లెక్క ఎవరి దగ్గర ఉంటుంది? ఎన్నేళ్లు ఉంటుంది? ఎవరికిస్తారు? జవాబు చెప్పనిదే గడప దాటనివ్వకండి.

మీటరు ఉచితమంటారు. 2021 నాటి కేంద్ర పథకంలో ప్రీపెయిడ్ (ముందే డబ్బు కట్టే) స్మార్ట్ మీటరుకు మన రాష్ట్రానికొచ్చే సాయం 900 రూపాయలకు మించదు. మిగిలిన ఖర్చు ఎప్పటికైనా మన ఛార్జీల్లోకే చేరుతుంది. 2023లో మార్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ఈ మీటరు పెట్టాక రద్దీ వేళల్లో ఇళ్లకు రేటు కనీసం 10 శాతం ఎక్కువ ఉండాలి. ఎండ వేళ 20 శాతం తగ్గిస్తారట. పగలంతా పొలంలో, పనిలో ఉండే మనకు దాంతో ఏం లాభం? మే నెలలో కడపలో పొద్దుగూకినా గోడలు కాలుతుంటాయి. చంటిబిడ్డ ఉన్న ఇల్లు ఆ రద్దీ వేళ కూలర్ ఆపుకోగలదా?

ఇప్పుడు బిల్లు కట్టకపోతే 15 రోజుల నోటీసు ఇచ్చాకే కరెంటు తీయాలి. విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ఇచ్చిన రక్షణ అది. ప్రీపెయిడ్‌లో డబ్బు అయిపోతే చీకటే. వారానికోసారి కూలి అందే ఇంటికి ఇది అన్యాయం. ప్రీపెయిడ్‌కు సిద్ధపడినవారి దగ్గర డిపాజిట్ అడగకూడదని 47వ సెక్షన్ అంటోంది. అంటే సిద్ధపడాలా వద్దా అన్నది మన ఇష్టమే కదా!

మీటరు పట్టుకొచ్చిన పిల్లవాడితో తగాదా వద్దు, అతనూ కూలికొచ్చినవాడే. గ్రామసభలో తీర్మానం చేయండి. ఇప్పటికే బిగించి ఉండి బిల్లు పెరిగితే 1912కు ఫోన్ చేయండి. ఫిర్యాదు చేసిన 5 రోజుల్లో పక్కనే మరో మీటరు పెట్టి కనీసం 3 నెలలు సరిచూడాలని 2024 నిబంధన. అది మీ హక్కు.

ఈ వారమే వీధంతా కలిసి విద్యుత్ సెక్షన్ ఆఫీసుకు పోదాం. 'మా అనుమతి లేకుండా మీటరు మార్చవద్దు, ప్రీపెయిడ్ మాకు వద్దు' అని రాసి, సర్వీసు నంబరు, తేదీ వేసి ఇవ్వండి. అందినట్టు ముద్ర వేసేదాకా అక్కడి నుంచి కదలకండి.