విదేశ ప్రయాణం – పేగుల్లో మొండి క్రిములు

ఇటీవల మా ఆస్పత్రి ఓ.పి.లో ఒక రిటైర్డు టీచరుగారు తన మోకాళ్ళ నొప్పుల సంగతి చెప్పడం పూర్తయినా లేవకుండా కూర్చున్నారు. ఏమిటమ్మా అంటే కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అమెరికాలో ఉంటున్న కూతురు తమ్ముడి పెళ్ళికి వచ్చి మూడు వారాలుండి వెళ్ళింది. తిరిగి వెళ్ళిన రెండు నెలలకు మూత్రంలో మంట, చలిజ్వరం. అక్కడి డాక్టరు ఇచ్చిన మాత్రలు పనిచేయలేదు. కల్చరు పరీక్షలో మామూలు మందులకు లొంగని క్రిమి బయటపడింది. ఆస్పత్రిలో చేర్చుకుని ఇంజక్షన్లు ఇచ్చారు.

"ఇది ఇండియాలో అంటుకుని ఉండవచ్చన్నారట డాక్టరుగారూ. నా చేతివంట తిన్నందుకేనా?" అన్నది ఆవిడ బాధ.

ఈ ప్రశ్న చాలా ఇళ్ళలో ఉన్నదే గనుక కొంచెం వివరంగా చెబుతాను.

మన పెద్దపేగులో కోట్లాది సూక్ష్మజీవులు ఉంటాయి. వాటిలో ఇ.కోలై ఒకటి. పేగులో ఉన్నంతకాలం అది సాధారణంగా హాని చేయదు. మూత్రాశయంలోకో రక్తంలోకో చేరితేనే జబ్బు. ఈ జాతిలో కొన్ని క్రిములు పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ తరగతి మందులను విరగ్గొట్టే ఒక ఎంజైమును తయారు చేసుకుంటాయి. కల్చరు రిపోర్టులో 'ఈ.ఎస్.బి.ఎల్.' అని ఉంటే అర్థం ఇదే. ఈ విద్యను పక్క క్రిములకు కూడా నేర్పగలగడం వీటి ప్రత్యేకత.

2017లో ప్రచురితమైన ఒక పరిశీలనలో హాలండు వైద్యులు సుమారు 2,000 మంది ప్రయాణీకులను ప్రయాణానికి ముందూ తర్వాతా పరీక్షించారు. అంతకుముందు ఈ క్రిములు లేనివారిలో నూటికి 34 మంది వాటితో తిరిగి వచ్చారు. దక్షిణాసియాకు, అంటే మన వైపు, వచ్చినవారిలో నూటికి 75 మంది! చదివినప్పుడు నాకు సిగ్గనిపించింది గాని ఆశ్చర్యం కలగలేదు. జలుబుకు, జ్వరానికి, విరేచనాలకు చీటీ లేకుండా యాంటీబయాటిక్ కొనుక్కునే అలవాటు మనది. మురుగునీరు మంచినీటి గొట్టాల్లో కలిసే వీధులూ మనవే.

అయితే భయపడవలసినంత లేదు. అంటుకున్నవారిలో సగంమందికి నెలరోజుల్లోనే అవి పోయాయి. సంవత్సరం తర్వాత కూడా ఉన్నది నూటికి 11 మందిలో. ఉన్నంత మాత్రాన అది రోగం కాదు. ఆరోగ్యంగా ఉన్నవారు పరీక్షలూ మందులూ వాడనక్కరలేదు.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. 2015లో ఫిన్లాండు వైద్యులు ఇలాగే పరిశీలించారు. ప్రయాణంలో విరేచనాలూ కాక, యాంటీబయాటిక్కూ వాడనివారిలో నూటికి 11 మందికి ఈ క్రిములు అంటుకున్నాయి. విరేచనాలై, యాంటీబయాటిక్ వాడనివారిలో 21 మందికి. విరేచనాలై, యాంటీబయాటిక్ కూడా వాడినవారిలో 37 మందికి. కారణం తేలికే. ఆ మాత్ర పేగులోని సాధు క్రిములను చంపి చోటు ఖాళీ చేస్తుంది. మందుకు చావని మొండిది వచ్చి ఆ చోట పాతుకుంటుంది.

టీచరుగారిని అడిగాను, అమ్మాయికి ఇక్కడ విరేచనాలు అయ్యాయా అని. అయ్యాయట, వచ్చిన నాలుగోరోజున. అల్లుడుగారు మందుల షాపుకు వెళ్ళి ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన మాత్రలు తెచ్చారు. రెండురోజులు వేసుకుని మానేసింది. ఆ క్రిమి పెళ్ళిభోజనంలో వచ్చిందో, బజారు పానీపూరీలో వచ్చిందో ఎవరూ చెప్పలేరు. ఆవిడ వంటను మాత్రం నేను తప్పుపట్టను. ఆ మాత్రలను తప్పుపడతాను.

ప్రయాణంలో వచ్చే మామూలు నీళ్ళవిరేచనాలు మూడు నాలుగు రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. కావలసింది ఓ.ఆర్.ఎస్. పొట్లం, పెద్దదైతే ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో మొత్తం ఒకేసారి కలపాలి. పొట్లం దొరక్కపోతే లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి. గంజి, పలచని మజ్జిగ మంచివి. విరేచనంలో రక్తం పడినా, జ్వరం ఎక్కువగా ఉన్నా, మూత్రం తగ్గినా డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. పసిబిడ్డలు, గర్భిణులు, వృద్ధుల విషయంలో ఆలస్యం చేయకూడదు. అప్పుడు యాంటీబయాటిక్ అవసరమైతే డాక్టరే ఇస్తారు, అది తప్పకుండా వాడాలి.

ఇంట్లోవారికి కూడా ఈ క్రిములు చేరవచ్చు. మరుగుదొడ్డికి వెళ్ళివచ్చాక, వంటకు ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడమే దీనికి ఉపాయం.

ఆరునెలలకని పిల్లల దగ్గరకు వెళ్ళే తల్లిదండ్రులకు కూడా ఒక మాట. ఆవకాయ జాడీ పక్కన 'ఎందుకైనా మంచిది' అని పెట్టుకునే యాంటీబయాటిక్ మాత్రలను మీ డాక్టరు చెబితే తప్ప తీసేయండి. బయలుదేరే ముందు సంవత్సరంలో ఇక్కడ ఆస్పత్రిలో ఉన్నా, ఆపరేషన్ జరిగినా, అక్కడ జ్వరంతో డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు ముందుగా ఆ సంగతి చెప్పండి. ఇక్కడికి వచ్చి వెళ్ళిన పిల్లలూ అంతే. ఆ ఒక్క మాట తెలిస్తే డాక్టరు మొదటిరోజే కల్చరు చేయించి, సరైన మందు ఎంచుకోగలుగుతారు.